పెద్ద అక్వేరియానికి ఓవర్‌ఫ్లో: కరెంటు పోయినప్పుడు తేలే లెక్క

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న అద్దాల తొట్టిలో అంచు దాకా పోస్తే 650 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. పైన వదిలే ఖాళీ, అడుగున పరిచే ఇసుక తీసేస్తే చేపలకు మిగిలేది దాదాపు 600 లీటర్లు. ఇంత నీటిని శుభ్రంగా ఉంచడం లోపల వేలాడదీసే చిన్న ఫిల్టర్ల వల్ల అయ్యే పని కాదు. అందుకే స్టాండు లోపల, తొట్టి కింద, ఫిల్టర్ కోసం మరో చిన్న తొట్టిని అమర్చుతారు. దాన్నే సంపు అంటున్నారు. పై తొట్టి నుంచి నీరు తన బరువుతో తానే సంపులోకి దిగుతుంది, అక్కడ స్పాంజీల గుండా, బయో మీడియా (మురికిని విరగగొట్టే మేలుచేసే సూక్ష్మజీవులు నివసించే ముక్కలు) గుండా సాగి, పంపు ద్వారా మళ్లీ పైకి చేరుతుంది. పైనుంచి కిందికి దిగే ఈ దారి మొత్తానికి, అంటే నీరు పొర్లే అంచుకూ, దాని వెనుక ఉండే పెట్టెకూ, అందులోంచి దిగే పైపులకూ కలిపి ఓవర్‌ఫ్లో అని పేరు.

ఈ అమరికలో పంపు ఎంత తోడితే అంత నీరు కిందికి దిగాలి, అంతకు మించి దిగకూడదు, తక్కువా దిగకూడదు. తక్కువ దిగితే పై తొట్టి పొంగి గదిలోకి నీళ్లు వస్తాయి, ఎక్కువ దిగితే సంపు పొంగుతుంది. అన్నీ సవ్యంగా నడుస్తున్నంత సేపు ఏ రకం ఓవర్‌ఫ్లో అయినా ఈ సమతూకాన్ని నిలబెట్టగలదు. తేడా బయటపడేది రెండే సందర్భాల్లో: కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు, ఏదో ఒక పైపుకు చెత్త అడ్డం పడినప్పుడు. వేసవి చివర ఈదురుగాలులకు చెట్టు కొమ్మలు తీగల మీద పడి గంటల తరబడి సరఫరా ఆగిపోయే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మొదటి సందర్భాన్ని అరుదైన ప్రమాదంగా కాక మామూలు సంగతిగా లెక్కవేయాలి. కాబట్టి ఇక్కడ ఓవర్‌ఫ్లోను ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఎంత నిశ్శబ్దంగా నడుస్తుందన్నది కాదు, ఎంత అందంగా ఉంటుందన్నదీ కాదు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయినా ఎవరి చెయ్యీ పడకుండా తనంతట తానే నిలదొక్కుకుంటుందా అన్నదే.

ముందుగా నీరు పొర్లే అంచు సంగతి చూడాలి. చెరువుకు అలుగు ఎలాంటిదో అక్వేరియానికి ఈ అంచు అలాంటిది: నీటి మట్టాన్ని నిర్ణయించేది అదే, అదనపు నీటిని సాగనంపేదీ అదే. చెరువు అలుగుకు లేని పని ఒకటి దీనికి అదనంగా ఉంది. మేతలోని నూనె, చేపల విసర్జనలోని మాంసకృత్తులు నీటి పైభాగాన సన్నని పొరగా పేరుకుంటాయి. ఆ పొర గాలికీ నీటికీ మధ్య ప్రాణవాయువు మార్పిడిని తగ్గిస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలిగితే, 30 డిగ్రీల దగ్గర అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. బయట 40 డిగ్రీలు దాటే మే నెలలో ఇంట్లోని తొట్టి నీరు 30 డిగ్రీలను సులువుగా దాటుతుంది కాబట్టి, ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును కూడా ఆ పొర అడ్డుకోవడం ఇక్కడి చేపలకు పెద్ద దెబ్బ. పైపొరను ఎప్పటికప్పుడు గీకినట్టు తీసుకుపోయే పని ఓవర్‌ఫ్లో అంచు ఎంత బాగా చేస్తుందన్నది దాని పొడవు మీద ఆధారపడి ఉంటుంది.

ఈ పొడవుకు లెక్క ఉంది. పదునైన అంచు మీదుగా పొర్లే నీటి పరిమాణం అంచు పొడవుకు అనులోమంగానూ, అంచు మీద నిలిచే నీటి మందానికి ఒకటిన్నర ఘాతంగానూ పెరుగుతుంది. నీటిపారుదల ఇంజనీర్లు చెరువు అలుగు పొడవును తేల్చేటప్పుడు వాడేది ఈ కోవకు చెందిన సూత్రాన్నే. మీటర్లలో లెక్కిస్తే పొడవును మందపు ఒకటిన్నర ఘాతంతో గుణించి, దాన్ని 1.84తో గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు పొర్లుతుందో వస్తుంది. పైన చెప్పిన తొట్టికి సంపు ద్వారా గంటకు 3,000 లీటర్లు, అంటే మొత్తం నీటికి ఐదు రెట్లు, తిప్పాలనుకుందాం. అంచు పొడవు 30 సెంటీమీటర్లే అయితే దాని మీద నీరు 13 మిల్లీమీటర్ల మందాన నిలవాలి. 60 సెంటీమీటర్లయితే 8 మిల్లీమీటర్లు చాలు. తొట్టి వెనుక అద్దం పొడవునా, 180 సెంటీమీటర్లు అంచుగా చేస్తే 4 మిల్లీమీటర్ల పొర మాత్రమే పొర్లుతుంది. పొర పలుచనైన కొద్దీ కిందికి వెళ్లే నీటిలో పైభాగపు మడ్డి వాటా ఎక్కువవుతుంది, నీరు దూకే చప్పుడు తగ్గుతుంది, కరెంటు పోయినప్పుడు సంపులోకి దిగే నీరూ తగ్గుతుంది. చిన్న చేపలు జారిపోకుండా అంచుకు పెట్టే దువ్వెన పళ్లు ఈ లెక్కను మార్చేస్తాయన్న సంగతి తరచుగా మరచిపోతారు. పళ్లు సగం జాగా ఆక్రమిస్తే 30 సెంటీమీటర్ల అంచు నిజానికి 15 సెంటీమీటర్ల అంచే, దాని మీద నీరు 21 మిల్లీమీటర్లు లేస్తుంది. ఆస్కార్, ఆరోవానా వంటి పెద్ద చేపలే ఉన్నచోట పళ్లు అక్కర్లేదు, ఎత్తైన మూత ఉంటే చాలు. కొర్రమట్ట వంటి ఎగిరే చేపలను పెంచేవారు మాత్రం తొట్టికే కాక ఓవర్‌ఫ్లో పెట్టెకు కూడా మూత పెట్టుకోవాలి.

అంచు తర్వాత పైపులు. చాలామంది పైపు సైజును పంపు బయటి మూతి సైజుతో సరిపోల్చి కొంటారు, అది పొరపాటు. పంపు నీటిని తోస్తుంది, ఓవర్‌ఫ్లో పైపులో మాత్రం నీటిని లాగేది ఎత్తు తేడా ఒక్కటే. పైపు నీటితో పూర్తిగా నిండి, గాలి లేకుండా దిగడం ఒక పద్ధతి, గాలీ నీరూ కలిసి గోడల వెంట జారడం మరో పద్ధతి. రెండింటి సామర్థ్యానికి పోలికే లేదు. పెట్టెలోని నీటి మట్టానికీ సంపులోని నీటి మట్టానికీ మధ్య 90 సెంటీమీటర్ల తేడా ఉండి, దారిలో రెండు ఎల్బోలు, అంటే పైపును మలుపు తిప్పే వంపు ముక్కలు, ఉన్నప్పుడు, ఒక అంగుళం పైపు పూర్తిగా నిండి పారితే ఘర్షణ నష్టాలు పోను గంటకు సుమారు 3,400 లీటర్లు దింపగలదు. అదే పైపు గాలితో కలిసి పారుతూ గుడగుడలాడకుండా ఉండాలంటే అందులో మూడో వంతుకు మించి పంపకూడదు. నిండుగా పారే పద్ధతినే సైఫన్ అంటారు. దానికి బలం ఎంత ఉందో బలహీనత కూడా అంతే ఉంది: గాలి చొరబడితే అది తెగుతుంది, తెగినది తిరిగి మొదలు కావాలంటే పైపులోని గాలి ముందు బయటికి పోవాలి.

ఈ ప్రాంతపు పాఠకులకు సైఫన్ కొత్త సంగతి కాదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి వనపర్తి జిల్లాలో ఉన్న సరళాసాగర్ జలాశయం ఆటోమేటిక్ సైఫన్లతో కట్టినది. 1949లో శంకుస్థాపన జరిగి 1959లో వాడుకలోకి వచ్చిన ఆ జలాశయంలో గేట్లు ఎత్తే మనుషులు అవసరం లేదు. నీరు నిండు మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతట అవే గాలిని తోసేసి తెరుచుకుంటాయి, మట్టం తగ్గి గాలి లోపలికి చొరబడగానే ఆగిపోతాయి. నీటి మట్టమే తాళం చెవిగా పనిచేసే ఈ ఏర్పాటు నుంచి అక్వేరియం అమర్చేవారు తీసుకోవలసిన సూత్రం ఉంది: సైఫన్ మొదలయ్యేదీ ఆగేదీ మనిషి చేతుల మీద కాక నీటి ఎత్తు మీదే ఆధారపడేలా కట్టాలి. 2019 డిసెంబర్ 31న అదే జలాశయానికి గండి పడింది సైఫన్ల దగ్గర కాదు, మట్టికట్టకు. అదనపు నీరు పోయే దారి ఎంత తెలివైనదైనా, నీటిని ఆపే గోడను విడిగా చూసుకోవలసిందేనన్నది తొట్టి అద్దాలకూ, సిలికాన్ అతుకులకూ వర్తిస్తుంది.

ఈ సూత్రం దగ్గరే తొట్టి అంచుకు తగిలించే పెట్టె రకం ఓవర్‌ఫ్లో విఫలమవుతుంది. అద్దానికి రంధ్రం చేయనక్కర లేకుండా, లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె పెట్టి, రెండింటినీ తిరగేసిన యు ఆకారపు గొట్టంతో కలుపుతారు. అమర్చడం తేలిక, ఖర్చు తక్కువ, అద్దె ఇళ్లలో ఉండేవారికి సౌకర్యం. కానీ ఆ గొట్టంలో సైఫన్‌ను మొదట నోటితోనో చిన్న పంపుతోనో పట్టించాలి. నడుస్తున్నప్పుడు నీటిలోని చిన్న బుడగలు గొట్టం పైవంపులో మెల్లగా చేరతాయి. నీరు వేగంగా పారుతున్నంత సేపు బుడగలు కొట్టుకుపోతాయి గానీ, కరెంటు పోయి ప్రవాహం ఆగినప్పుడు అవి అక్కడే ఒక్కటై నిలుస్తాయి. కరెంటు వచ్చి పంపు మొదలయ్యాక సైఫన్ అందుకోకపోతే సంపులోని నీరంతా పై తొట్టిలోకి, అక్కడి నుంచి నేల మీదికి చేరుతుంది. మంచి తయారీవి చాలా సార్లు సరిగ్గానే అందుకుంటాయి, కానీ 600 లీటర్ల తొట్టి విషయంలో 'చాలా సార్లు' అన్న మాట సరిపోదు. సరఫరా రోజుకు ఎన్నిసార్లు పోతుందో చెప్పలేని ఊళ్లలో ఈ రకాన్ని పెద్ద తొట్టికి వాడకపోవడమే మేలు.

రంధ్రం చేసిన తొట్టికి మూడు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది డర్సో పైపు. నిలువు పైపు పైన టి ఆకారపు మూడు మూతుల ముక్క ఒకటి, దాని పక్కమూతికి కిందికి తిరిగిన ఎల్బో, పైన మూతకు చిన్న గాలి రంధ్రం, అంతే దీని నిర్మాణం. నీరు పైపొర నుంచి కాక కొంచెం కింది నుంచి లోపలికి వెళ్తుంది కాబట్టి సుడి ఏర్పడదు, పైరంధ్రం గుండా గాలి నిదానంగా చేరుతుంది కాబట్టి గుటకలు వేసినట్టుండే చప్పుడు తగ్గుతుంది. కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా దీనికి బాధ లేదు, ఎందుకంటే ఇందులో పట్టించవలసిన సైఫన్ అసలే లేదు. లోపం రెండు చోట్ల ఉంది: మోయగలిగే ప్రవాహం తక్కువ, ఒకే పైపు మీద ఆధారపడటం ఎక్కువ. ఒక నత్తగుల్లో, ఊడిన మొక్క ఆకో మూతికి అడ్డం పడితే రెండో దారి ఉండదు.

రెండవది హెర్బీ పద్ధతి. ఇందులో పెట్టె లోపల రెండు పైపులు ఉంటాయి. ప్రధాన పైపు మూతి నీటిలో లోతుగా మునిగి ఉంటుంది, దాని మీద ఒక గేట్ వాల్వ్ ఉంటుంది. వాల్వ్‌ను కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే పెట్టెలోని నీరు ఒక మట్టం దగ్గర స్థిరపడుతుంది, పైపు పూర్తి సైఫన్‌గా, దాదాపు శబ్దం లేకుండా నడుస్తుంది. రెండో పైపు మూతి ఆ మట్టానికి కాస్త పైన, ఏ వాల్వూ లేకుండా ఖాళీగా ఉంటుంది. ప్రధాన పైపు మూసుకుపోతే నీరు లేచి ఈ పైపులోకి పడుతుంది, ఆ చప్పుడే యజమానికి హెచ్చరిక. కరెంటు వచ్చాక సైఫన్ తనంతట తాను పట్టుకోవాలంటే ప్రధాన పైపు చివర సంపు నీటిలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. అంతకన్నా లోతుగా ముంచితే పైపులోని గాలి దిగువకు పోలేక బిగుసుకుంటుంది, నీరు రెండో పైపును ఆశ్రయించి పెద్ద హోరు పెడుతుంది.

మూడవది బీన్ యానిమల్ అని పిలిచే మూడు పైపుల పద్ధతి. ఒకటి వాల్వుతో నిండుగా పారే సైఫన్, రెండవది డర్సో తరహాలో గాలితో పారుతూ మిగిలిన కొద్ది నీటిని మోసేది, మూడవది పూర్తిగా పొడిగా ఉండే అత్యవసర పైపు. దీని గొప్పదనమంతా రెండవ పైపు దగ్గర ఉంది. హెర్బీలో పంపు వేగం కొంచెం మారినా, అంటే వోల్టేజీ తగ్గినా, స్పాంజీ మురికిపట్టినా, వాల్వును మళ్లీ సరిచేయాలి. ఇక్కడ ఆ తేడాను రెండవ పైపు తనలో కలుపుకుంటుంది. పైగా ఆ పైపు మూతకు ఒక సన్నని గాలి గొట్టం తగిలించి, దాని కొసను పెట్టెలోని మామూలు నీటి మట్టానికి కొంచెం పైన ఉంచుతారు. ప్రధాన సైఫన్‌కు అడ్డం పడి నీరు లేచినప్పుడు ఆ గొట్టం కొస మునుగుతుంది, గాలి అందడం ఆగుతుంది, రెండవ పైపు కూడా సైఫన్‌గా మారి మొత్తం ప్రవాహాన్ని అందుకుంటుంది. సరళాసాగర్‌లో లాగే ఇక్కడా నీటి మట్టం ఒక్కటే అంతా నడిపిస్తుంది.

నాలుగడుగుల లోపు తొట్టికి, గంటకు వెయ్యి లీటర్ల చుట్టుపక్కల ప్రవాహానికి, లావుపాటి పైపుతో డర్సో పద్ధతి, పక్కన ఒక ఖాళీ పైపు ఉంటే నిశ్చింతగా సరిపోతుంది. ఐదారడుగుల తొట్టికి మాత్రం మూడు పైపులదే సరైన ఎంపిక. మూడో రంధ్రానికీ, ఒక పైపు ముక్కకూ అయ్యే ఖర్చు అంత పెద్ద తొట్టి మొత్తం ఖర్చులో లెక్కలోకి రాదు. మూడింటికి జాగా లేకపోతే హెర్బీ, అదీ లేకపోతే తొట్టిని చిన్నది చేసుకోవడం మంచిది. అత్యవసర పైపు సైజు విషయంలో పొదుపు పనికిరాదు: మిగతా రెండూ మూసుకుపోయినా అది ఒక్కటే మొత్తం నీటిని దించాలి కాబట్టి ప్రధాన పైపు అంగుళమైతే ఇది అంగుళంన్నర ఉండాలి.

ఇక కరెంటు పోయినప్పటి లెక్క. పంపు ఆగగానే రెండు జరుగుతాయి. అంచు మీద నిలిచి ఉన్న నీరు పెట్టెలోకి జారుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పంపు నుంచి పైకి వచ్చే పైపు మూతి నీటిలో మునిగి ఉంటే అది ఎదురు సైఫన్‌గా మారి, మూతికి గాలి తగిలేదాకా తొట్టిలోని నీటిని సంపులోకి లాగుతూనే ఉంటుంది. 180 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో ప్రతి సెంటీమీటరు మట్టమూ దాదాపు 10.8 లీటర్లు. మూతి 5 సెంటీమీటర్లు మునిగి ఉంటే 54 లీటర్లు, పైపుల్లోనూ పెట్టెలోనూ ఉన్నది కలిపితే 60 లీటర్లు కిందికి వస్తాయి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సంపులో 60 లీటర్లంటే మట్టం 15 సెంటీమీటర్లు లేవడం. సంపులో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. మూతిని నీటి పైభాగం దగ్గరే ఉంచినా, నీటి మట్టానికి కొద్దిగా కింద ఆ పైపుకు ఒక చిన్న రంధ్రం చేసినా గాలి వెంటనే చొరబడి, దిగే నీరు 20 లీటర్ల లోపే ఆగుతుంది. ఆ రంధ్రంలో నాచు పేరుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి దాన్ని వారానికోసారి పుల్లతో పొడిచి చూడాలి. ఎన్‌ఆర్‌వీ, అంటే నీటిని వెనక్కి పారనివ్వని వాల్వు, బిగిస్తే చాలదా అని అడుగుతారు. బోరు మోటార్లకు ఎన్‌ఆర్‌వీ వాడే రైతులకు ఒక్క ఇసుక రేణువు చిక్కినా అది పూర్తిగా మూసుకోదని తెలుసు. అక్వేరియంలో ఇసుక ఉంది, నత్తలు ఉన్నాయి, నాచు ఉంది. ఎన్‌ఆర్‌వీ ఉంటే ఉండవచ్చు, లెక్కలో మాత్రం లేదనే అనుకోవాలి.

ఇదే లెక్కను పైకీ వేయాలి. దిగే దారులన్నీ మూసుకుపోయి పంపు ఒక్కటే నడుస్తుంటే ఎంత నీరు పైకి చేరగలదు? సంపులో పంపు ఉండే గది 30 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, పంపు లాగగలిగే లోతు 15 సెంటీమీటర్లయితే అందులో ఉన్నది 20 లీటర్లే. అది మొత్తం పై తొట్టిలోకి చేరినా మట్టం రెండు సెంటీమీటర్లకు మించి లేవదు. కాబట్టి పొర్లే అంచును తొట్టి పైఅంచుకు 5 సెంటీమీటర్లు కింద పెట్టి, పంపు గదిని అడ్డు అద్దాలతో చిన్నగా ఉంచితే, అన్నీ విఫలమైన రోజున కూడా నేల తడవదు. పంపు ఎండిపోయి పాడవుతుంది, అంతవరకే నష్టం. పంపు గదిని పెద్దదిగా కట్టి, నీరు ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకోవడం ఈ రక్షణను చేజేతులా పోగొట్టుకోవడమే అవుతుంది.

పంపు డబ్బా మీద, ఉదాహరణకు, గంటకు 5,000 లీటర్లు అని రాసి ఉంటే, ఆ అంకె ఎత్తు ఏమీ లేనప్పటిది. దాని పక్కనే హెచ్ మ్యాక్స్ అని రాసే ఎత్తు దగ్గర ప్రవాహం సున్నా. హెచ్ మ్యాక్స్ 3 మీటర్లున్న పంపు, సంపు నుంచి తొట్టి అంచు దాకా మీటరున్నర ఎక్కేటప్పటికి ఇచ్చేది చాలా తక్కువ. ఖచ్చితంగా తెలుసుకోవాలంటే పైకి వచ్చే పైపును 20 లీటర్ల వాటర్ క్యాన్‌లోకి తిప్పి గడియారం చూడాలి. 24 సెకన్లలో నిండితే గంటకు 3,000 లీటర్లు.

అమర్చడంలో వెనక్కి తీసుకోలేని పని అద్దానికి రంధ్రం చేయడం. టఫెన్డ్ గాజుకు, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజుకు, రంధ్రం పెట్టడం అసాధ్యం, బిట్టు తగలగానే అది పొడిపొడిగా పగిలిపోతుంది. రెడీమేడ్ తొట్టెల్లో అడుగు అద్దం టఫెన్డ్ అయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి ముందుగా అడిగి తేల్చుకోవాలి. ఊళ్లో గాజు దుకాణంలో మామూలు 12 మిల్లీమీటర్ల గాజుతో కట్టించే తొట్టి అయితే అద్దాలు అతికించక ముందే రంధ్రాలు చేయించడం ఉత్తమం. డైమండ్ పూత ఉన్న గుండ్రటి బిట్టును నెమ్మదిగా, నీరు పోస్తూ, ఒత్తకుండా తిప్పాలి. రంధ్రం అంచు నుంచి గాజు అంచు దాకా కనీసం రంధ్రం వెడల్పంత గాజు మిగలాలి. రంధ్రం సైజు పైపును బట్టి కాదు, పైపును గాజు రంధ్రంలో బిగించే ట్యాంక్ కనెక్టర్ మరను బట్టి ఉంటుంది. ఆ కొలత ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి కనెక్టర్లను ముందు కొని, గాజు పనివాడి చేతిలో పెట్టి, అప్పుడే రంధ్రం చేయించాలి. రబ్బరు వాషర్ కనెక్టర్ తల వైపు, గాజుకూ తలకూ మధ్య ఉండాలి, నట్టును చేత్తో బిగించి ఆపైన పావు చుట్టు మించకూడదు. పైపు రెంచీతో గట్టిగా బిగిస్తే వాషర్ పక్కకు ఉబ్బి కారడం మొదలవుతుంది, లేదా గాజే చిట్లుతుంది. రంధ్రాలను అడుగున కంటే వెనుక అద్దం పైభాగంలో పెట్టడం క్షేమం, ఎందుకంటే ఎప్పుడైనా కనెక్టర్ కారినా నీరు ఆ రంధ్రం మట్టం దాకే పోతుంది. ఇందుకోసం తొట్టికీ గోడకూ మధ్య పెట్టె, పైపులు పట్టేంత జాగా ముందే వదలాలి. లోపలి అంచును గాజుతోనే చేయించాలి. యాక్రిలిక్ షీటుకు సిలికాన్ సరిగా పట్టదు, కొన్నాళ్లకు ఊడుతుంది.

వాల్వు కొనేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో సులువుగా దొరికే గేట్ వాల్వులు ఇత్తడివి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలకూ నత్తలకూ సముద్రపు జీవులకూ రాగి విషం. చేపలు మాత్రమే ఉన్న మంచినీటి తొట్టిలో కూడా దాన్ని దూరం పెట్టడమే తెలివి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గేట్ వాల్వు కోసం ఒకటి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు. బాల్ వాల్వుతో పని జరుగుతుంది గానీ, దాని పిడి వెంట్రుకవాసి కదిలినా ప్రవాహం బాగా మారుతుంది కాబట్టి సైఫన్‌ను సరిచేయడం విసిగిస్తుంది. వాల్వుకు పైనా కిందా యూనియన్లు, అంటే మర విప్పి విడదీయగల అతుకు ముక్కలు, పెడితే రేపు విప్పి కడగడానికి పైపు కోయనక్కర లేదు.

తొట్టిని నిలబెట్టేటప్పుడు మట్టం విషయంలో రాజీ పడకూడదు. అంచు మీద పారేది 4 మిల్లీమీటర్ల పొర అయినప్పుడు, తొట్టి ఒక చివర 3 మిల్లీమీటర్లు లేచి ఉంటే ఆ వైపు అంచు మీద పారే నీరు బాగా తగ్గిపోతుంది. అడుగు పొడవు స్పిరిట్ లెవల్ ఆరడుగుల మీద ఇంత చిన్న తేడాను పట్టుకోలేదు. మేస్త్రీలు పునాదికి వాడే నీళ్ల గొట్టం, అంటే పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ పైపులో నీరు నింపి రెండు చివరలా పట్టి చూసేది, దానికన్నా నమ్మదగినది. నీళ్లు, గాజు, ఇసుక, సంపు, స్టాండు కలిపి బరువు టన్నుకు చేరువవుతుంది కాబట్టి పైఅంతస్తులో అయితే దూలం మీద పడేలా, గోడ వారగా పెట్టాలి, ఇంజనీరును అడిగాకే పెట్టాలి.

పైపులను సాల్వెంట్ సిమెంటుతో అతికించే ముందు అన్నిటినీ పొడిగా అమర్చి చూసుకోవాలి, వంపు ఉన్నచోట 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీల ఎల్బోలు వాడాలి, అడ్డంగా పోయే పైపుకు వాలు ఉండాలి. సిలికాన్, సిమెంటు ఆరాక, చేపలను వదలక ముందు, నీటితోనే మూడు పరీక్షలు చేయాలి. పంపు ఆపి, సంపులో నీరు ఎక్కడి దాకా లేచిందో చూసి, మామూలుగా నడిచేటప్పుడు మించకూడని గీతను మార్కర్‌తో సంపు అద్దం మీద గీయాలి. పంపును వెంటవెంటనే ఆపి, వేసి, సైఫన్ ప్రతిసారీ తనంతట తాను పట్టుకుంటుందా అని చూడాలి. చివరగా మిగతా పైపుల మూతులన్నిటినీ గుడ్డతో గట్టిగా మూసి, అత్యవసర పైపు ఒక్కటే మొత్తం నీటిని మోయగలదా అని చూడాలి. ఈ మూడో పరీక్ష చేయని ఓవర్‌ఫ్లోను పూర్తయినట్టు లెక్కించకూడదు. నీరు లేస్తుంటే చూడటం భయంగానే ఉంటుంది, కానీ బకెట్లూ గుడ్డలూ పట్టుకుని పక్కనే ఉన్నప్పుడు చూడటమే నయం.

పంపును ఇంటి ఇన్వర్టర్‌కు కలపాలనుకుంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద ఇలాంటి పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. ఇన్వర్టర్ ఉన్నా లేకున్నా, పంపు ఆగితే అంచు మీద నీరు పారడం ఆగి ప్రాణవాయువు అందదు కాబట్టి, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి తొట్టిలో ఉండాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల బోరునీటికి ఉన్న కాఠిన్యం ఓవర్‌ఫ్లో మీద ప్రత్యేకంగా పనిచేస్తుంది. నీరు తగిలీ తగలని చోట, అంటే అంచు పళ్ల మీదా, డర్సో మూత రంధ్రం చుట్టూ, గాలి గొట్టం కొసనా, తెల్లటి సున్నపు పొర గట్టిపడుతుంది. అది అంచు పొడవును, గాలి దారిని కొంచెం కొంచెంగా మింగేస్తుంది, ఒకప్పుడు నిశ్శబ్దంగా ఉన్న అమరిక క్రమంగా గుడగుడలాడుతుంది. విప్పదీయగల ముక్కలను నెలకోసారి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, మంచినీటితో కడిగి పెడితే ఆ పొర వదులుతుంది. గేట్ వాల్వును కూడా అప్పుడప్పుడూ పూర్తిగా తెరిచి మూసి తిరిగి అదే చోటికి తేవాలి, లేకుంటే మర బిగుసుకుపోతుంది.

వేసవిలో ఆవిరైన నీటి లోటు పై తొట్టిలో కనిపించదు, ఎందుకంటే అక్కడి మట్టాన్ని అంచు నిలబెడుతుంది. లోటంతా పంపు గదిలోనే పడుతుంది. దీనికి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేరుగా ఫ్లోట్ వాల్వు పెట్టడం ప్రమాదకరం: ఆ వాల్వు ఒకసారి ఇరుక్కుంటే ట్యాంకులోని నీరంతా, అందులోని క్లోరిన్‌తో సహా, సంపులోకి దిగుతుంది. ముందే క్లోరిన్ పోగొట్టిన నీటిని 20 లీటర్ల డబ్బాలో పక్కన పెట్టి, దాని నుంచే ఫ్లోట్ వాల్వుకు సన్నని గొట్టం ఇవ్వాలి. పంపు ఆగినప్పుడు వెనక్కి వచ్చే నీటికి వదిలిన ఖాళీలో ఈ 20 లీటర్లను కూడా కలిపి సంపు ఎత్తును నిర్ణయించుకోవాలి.